గుడారం వేసుకునేంత జాగా

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, గ్రాండ్ టీటన్ నేషనల్ పార్కులో, జెన్నీ లేక్ పక్కన ఒక క్యాంప్‌గ్రౌండ్ ఉంది. బస్సంత మోటార్‌హోమ్‌లను అందులోకి రానివ్వరు. గుడారం వేసుకునేవాళ్లకే చోటు. చదును చేసిన కాస్త నేల, ఒక చెక్క బల్ల, మంట వేసుకోవడానికి ఇనుప చట్రం, తిండి దాచుకోవడానికి గడియ పడే ఇనుప పెట్టె. ఎవరికైనా దక్కేది ఇంతే. తలెత్తితే 4,199 మీటర్ల శిఖరం. టీటన్ పర్వతాల ముందు చిన్నచిన్న గుట్టలు ఉండవు. భూమి ఒక పగులు వెంట ఒకవైపు లేచి, రెండోవైపు దిగిపోవడంతో ఆ కొండలు మైదానంలోంచి నిటారుగా పైకి వచ్చేశాయి. రాత్రికి అక్కడ కట్టే రుసుము పక్క ఊళ్లో హోటల్ గదికయ్యే ఖర్చులో చిన్న వంతు. కొండల్లో సామాన్యుడి కోసం ఒక ప్రభుత్వం చేయగలిగిన ఏర్పాట్లలో ఇంతకన్నా మంచిది మరొకటి లేదు. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు జంటల్లో చాలామంది దీన్ని అనుభవించకుండానే అక్కడి పార్కులు చూసి వచ్చేస్తున్నారు.

టీటన్‌కు ఉత్తరాన ఉన్న ఎల్లోస్టోన్ పార్కుకు మనవాళ్ల ప్రయాణం దాదాపు ఒకే అచ్చులో సాగుతుంది. సాల్ట్‌లేక్ సిటీ దాకా విమానం, అక్కడ అద్దె కారు, పార్కు గేటు బయట వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లో హోటల్, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీళ్లు ఎగజిమ్మే దాకా గంటా గంటన్నర నిరీక్షణ, గ్రాండ్ ప్రిస్మాటిక్ రంగుల ముందు ఫొటో, మూడో రోజు తిరుగు ప్రయాణం. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల మోకాళ్ల నొప్పులు, చంటిపిల్లల పాలసీసాలు వెంట ఉన్నప్పుడు అంతకుమించి కుదరదు. అందులో తప్పేమీ లేదు. ఇద్దరే ఉండి, ఒంట్లో ఓపిక ఉన్న జంట కూడా అదే దారి పట్టడం మాత్రం నష్టమే.

ఎందుకంటే ఆ అడవి మేలుకుని ఉండే వేళలు వేరు. లామర్ లోయలో తోడేళ్లు కనిపించేది తెల్లవారుజామునో, పొద్దుగూకే వేళో. 1926 నాటికి ఆ పార్కులో తోడేలన్నది లేకుండా వేటాడేశారు. 1995లో కెనడా నుంచి 14, మరుసటి ఏడాది 17 తెచ్చి వదిలితే మళ్లీ వాటి సంతతి నిలదొక్కుకుంది. హేడెన్ లోయలో బైసన్ మందలు పొగమంచులోంచి రోడ్డు దాటేదీ పొద్దున్నే. హోటల్లో టిఫిన్ ముగించుకుని గేటు దాటేసరికి పది. అప్పటికి జంతువులు చెట్ల చాటుకు వెళ్లిపోతాయి, పార్కింగ్ స్థలాలు నిండిపోతాయి. 2021లో ఎల్లోస్టోన్‌కు 48 లక్షలకు పైగా సందర్శకులు వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది వేసవి నెలల్లోనే, పగటి పూటే, ఆ నాలుగు చోట్లే తిరుగుతారు. రాత్రి అక్కడే నిద్రపోయినవాళ్లకు మాత్రం ఉదయం ఐదింటికి అదే పార్కు వేరేలా కనిపిస్తుంది.

ఈ మాట రుజువు చేయడానికి ఒక జంట కథ చాలు. ఓలాస్ మ్యూరీ, మార్డీ మ్యూరీ. 1924లో అలాస్కా వ్యవసాయ కళాశాల నుంచి పట్టా పుచ్చుకున్న మొదటి మహిళ మార్డీ. అదే ఏడాది ఆగస్టులో, యూకాన్ నది ఒడ్డున ఆన్విక్ అనే చిన్న ఊళ్లో ఆమె పెళ్లి జరిగింది. వరుడు ప్రభుత్వ జీవశాస్త్రవేత్త. కారిబూ దుప్పుల మందల వెంట తిరిగి వాటి లెక్క తేల్చడం అతని ఉద్యోగం. పెళ్లయిన వెంటనే ఇద్దరూ పడవ మీదా, కుక్కలు లాగే బండి మీదా ఐదొందల మైళ్లకు పైగా ఉత్తరాన మంచులోకి వెళ్లారు. కొత్త కాపురం గుడారాల్లో, ఖాళీగా ఉన్న చెక్క గుడిసెల్లో మొదలైంది. 1926లో ఓల్డ్ క్రో నది వెంట బాతుల కాళ్లకు గుర్తులు వేసే పని మీద వెళ్తూ ఏడాదైనా నిండని పిల్లవాణ్ని వెంట తీసుకెళ్లారు. మరుసటి ఏడాది ఎల్క్ దుప్పుల అధ్యయనానికి ఓలాస్‌కు టీటన్ పర్వతాల పాదాల దగ్గరున్న జాక్సన్ హోల్‌కు బదిలీ అయింది. వేసవి రాగానే పిల్లల్నీ సామాన్నీ గుర్రాల మీద ఎక్కించి కొండల్లోకి వెళ్లడం, అతను దుప్పుల గుర్తులు వెతుకుతుంటే ఆమె రాత్రి భోజనం, పిల్లల చదువు, నోట్సు అన్నీ ఒక్క గుడారంలో చక్కబెట్టడం. ఏళ్ల తరబడి వాళ్ల సంసారం ఇలాగే నడిచింది. 1945లో మూస్ అనే చోట ఒక పాత రాంచి కొనుక్కున్నారు. అందులో వాటాదారు ఓలాస్ తమ్ముడు అడాల్ఫ్. అతనూ ఎల్లోస్టోన్‌లో కొయోట్ల మీద, అలాస్కాలో తోడేళ్ల మీద పని చేసిన శాస్త్రవేత్తే. అతను చేసుకున్నది మార్డీ చెల్లెలిని. అక్కాచెల్లెళ్లు తోడికోడళ్లై ఒకే ఆవరణలో కాపురాలు చేశారు.

1956లో ఈ దంపతులు ముగ్గురు యువ శాస్త్రవేత్తలతో కలిసి అలాస్కా ఉత్తరాన షీన్‌జెక్ నది లోయలో వేసవంతా మకాం వేశారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ గుడారాల దగ్గరికే వచ్చి కొన్ని రోజులు ఉన్నాడు. అక్కడ చూసినదాన్ని వాషింగ్టన్ దాకా మోసుకుపోయి అందరూ కలిసి ఒత్తిడి తెచ్చారు. 1960 డిసెంబరులో ఆ ప్రాంతం ఆర్కిటిక్ వన్యప్రాణి రక్షిత ప్రాంతమైంది. ఓలాస్ 1963లో పోయాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వైల్డర్‌నెస్ చట్టం మీద సంతకం పెడుతుంటే మార్డీ పక్కనే నిలబడింది. ఆ ఒక్క సంతకంతో 91 లక్షల ఎకరాలకు రక్షణ వచ్చింది. 1998లో ఆమెకు ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారం దక్కింది. 2003లో 101 ఏళ్ల వయసులో, ఆ రాంచిలోనే కన్నుమూసింది. ఇప్పుడది గ్రాండ్ టీటన్ పార్కులో భాగం. జెన్నీ లేక్‌కు వెళ్లే ఏ జంటైనా దారిలో ఆగి చూడవచ్చు. భార్యాభర్తలిద్దరూ ఒక నేల మీద పడుకుని, వండుకుని, దాన్ని దగ్గరగా ఎరిగి ఉండటం వల్ల ఒక దేశం తన అడవులను చూసే తీరు మారింది. హోటల్ కిటికీలోంచి చూసినవాళ్లతో ఆ పని జరిగేది కాదు.

ఆ సరస్సు పేరు వెనకా ఒక జంటే ఉంది. జెన్నీ షోషోనీ తెగ స్త్రీ. ఆమె భర్త రిచర్డ్ లీ బీవర్లను వేటాడి బతికేవాడు. 1872లో ఆ ప్రాంతాన్ని సర్వే చేయడానికి వచ్చిన హేడెన్ బృందానికి దారి చూపించాడు. పక్కనున్న లీ లేక్ అతని పేరు మీదే ఉంది. 1876లో మశూచి సోకి జెన్నీ, ఆరుగురు పిల్లలూ చనిపోయారు. ఆ నీళ్ల ఒడ్డున గుడారం వేసుకునేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

గుడారంలో రెండు రాత్రులు గడిపిన భార్యాభర్తలకు ఇంట్లో పనుల పంపకం ఎలా ఉన్నా అక్కడ చెల్లదు. చీకటి పడేలోపు గుడారం నిలబడాలి, స్టవ్ వెలగాలి, నీళ్లు రావాలి, తిండి సామాను పెట్టెలోకి చేరాలి. ఒకరు ఫోను చూస్తూ కూర్చుంటే రెండోవాళ్ల వల్ల కాదు. పైగా ఎల్లోస్టోన్ సరస్సు 2,357 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 92, 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు, అన్నం పలుకు త్వరగా తీరదు. చిన్న ప్రెషర్ కుక్కర్ ఒకటి కారులో పడేసుకునే మనవాళ్ల అలవాటును కొందరు చాదస్తమంటారు గానీ, ఆ ఎత్తులో అదే సరైన సామాను. ఎముకలు కొరికే చలిలో, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, వేడివేడి పప్పన్నం ఒకే గిన్నెలో తినే ఇద్దరు కొత్త దంపతులకు అంతకన్నా మంచి విందు ఏ రిసార్టూ పెట్టలేదు. అక్కడ జూన్‌లో కూడా రాత్రి నీళ్లు గడ్డకట్టేంత చలి ఉండొచ్చు. గుడారం ఖరీదులో మిగుల్చుకున్నా ఫర్వాలేదు, స్లీపింగ్ బ్యాగ్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు.

ఇక ఆ ఇనుప పెట్టె. ఈ ఏర్పాటు మొత్తానికి ప్రాణం అందులో ఉంది. పార్కు నియమం ప్రకారం తిండి ఒక్కటే కాదు, వాసన వేసే ప్రతి వస్తువూ అందులోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లాలి. టూత్‌పేస్టు, సబ్బు, వంటగిన్నెలు, చెత్త సంచి, ఖాళీ కూలర్ కూడా. మన సంచుల్లో ఆవకాయ, నువ్వుల పొడి, కరివేపాకు కారం, నెయ్యి, ఇంగువ ఉంటాయి. మూత ఎంత బిగించినా మైళ్ల దూరం వాసన పట్టే ఎలుగుబంటికి వాటి కబురు అందుతుంది. కాబట్టి అర్ధరాత్రి ఆకలేస్తుందని జంతికల పొట్లం గుడారంలో ఉంచుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఈ నియమం ఊరికే రాలేదు. ఒకప్పుడు ఎల్లోస్టోన్‌లో హోటళ్ల చెత్తకుప్పల దగ్గర ఎలుగుబంట్లు తింటుంటే చూడటానికి జనానికి బెంచీలు వేసేవారు. కార్ల కిటికీల్లోంచి బ్రెడ్డు అందించేవారు. 1931 నుంచి 1969 దాకా సగటున ఏటా 48 మంది ఎలుగుబంట్ల వల్ల గాయపడ్డారు. 1967 ఆగస్టులో, మోంటానాలోని గ్లేసియర్ పార్కులో ఒకే రాత్రి, మైళ్ల దూరంలో ఉన్న రెండు వేర్వేరు చోట్ల, రెండు గ్రిజ్లీ ఎలుగుబంట్లు నిద్రలో ఉన్న ఇద్దరు యువతులను చంపేశాయి. మనుషులు పారేసే చెత్తకు ఎలుగులు అలవాటు పడటమే దానికి దారి తీసిందని తేలింది. ఆ తర్వాతే కళ్లు తెరిచారు. 1970లో ఎల్లోస్టోన్ కొత్త విధానం తెచ్చి చెత్తకుప్పలను మూసేసింది. తేరగా దొరికే తిండి పోవడంతో చాలా ఎలుగుబంట్లు చనిపోయాయి, కొన్నింటిని చంపారు. 1975 నాటికి ఆ చుట్టుపక్కల గ్రిజ్లీల సంఖ్య 136కు పడిపోయిందని అంచనా. ఇప్పుడవి వెయ్యి దాకా ఉన్నాయి. పార్కులో మనుషులకు అయ్యే గాయాలు మాత్రం సగటున ఏడాదికి ఒకటికి తగ్గాయి. జంతువులు పెరిగాయి, ప్రమాదాలు తగ్గాయి. ఆ రెండింటికీ మూలం మనిషి తన తిండిని తాను దాచుకోవడం నేర్చుకోవడమే.

అడవి దారుల్లో నడిచేటప్పుడు నడుముకు తగిలించుకునే బేర్ స్ప్రేలో ఉండేది కూడా మనకు బాగా తెలిసిన పదార్థమే. గుంటూరు మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్. ఆ డబ్బాను విమానంలో తీసుకెళ్లనివ్వరు, సామానులో వేసినా ఒప్పుకోరు. అక్కడికి వెళ్లాక కొనుక్కోవాలి, లేదా అద్దెకు తీసుకోవాలి. కొనడంతో సరిపోదు. సేఫ్టీ క్లిప్పు ఎలా తీయాలో ఇద్దరికీ తెలిసి ఉండాలి. అడుగు దూరంలో సంచి అడుగున పడి ఉన్న డబ్బా ఎందుకూ కొరగాదు. నిజానికి ఇప్పుడు ఎల్లోస్టోన్‌లో ఎక్కువమందిని గాయపరిచేది ఎలుగుబంటి కాదు, బైసన్. చూడటానికి బద్ధకంగా మేస్తూ ఉంటుంది గానీ మనిషికి మూడింతల వేగంతో పరుగెత్తుతుంది. దానికి 23 మీటర్లు, ఎలుగుకూ తోడేలుకూ 91 మీటర్లు దూరం ఉండాలన్నది నియమం. సెల్ఫీకి ఆ దూరం నచ్చదు.

ఈ ఎలుగుల కథ తెలుగువాళ్లు చదవాల్సింది శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద. కారు ఆపి, అద్దం దించి, పుణ్యమనుకుంటూ కోతులకు అరటిపళ్లు, బిస్కెట్లు విసిరే కుటుంబాలు ప్రతి మలుపులో కనిపిస్తాయి. అటవీ శాఖ బోర్డులు పెట్టి వద్దంటూనే ఉంది. అడవిలో కాయలు తిని, విత్తనాలు వెదజల్లాల్సిన కోతులు రోడ్డు అంచున కూర్చుని చక్రాల కింద పడుతున్నాయి, చేతి సంచులు లాక్కుంటున్నాయి. ఎల్లోస్టోన్ యాభై ఏళ్ల కిందట దిద్దుకున్న తప్పును మనం భక్తి పేరుతో ఇంకా కొనసాగిస్తున్నాం. ఒక్క క్యాంపింగ్ ప్రయాణంలో ఇనుప పెట్టె గడియ నాలుగుసార్లు వేసిన జంట, మళ్లీ ఎప్పుడైనా ఆ ఘాట్ రోడ్డు మీద అద్దం దించుతుందని అనుకోలేం.

అమెరికా ఏర్పాటు అంతా మేలే అని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. 1872 మార్చి 1న యులిసెస్ గ్రాంట్ సంతకంతో ఎల్లోస్టోన్ ప్రపంచంలో మొదటి నేషనల్ పార్కు అయ్యాక, వేల ఏళ్లుగా ఆ నేల మీద తిరిగిన షోషోనీ, క్రో, బ్లాక్‌ఫీట్ వంటి తెగల మనుషులను బయటికి నెట్టేశారు. 27 తెగలకు ఆ నేలతో సంబంధం ఉందని పార్కే ఇప్పుడు ఒప్పుకుంటోంది. ఎవరూ లేని అడవి అనే కల్పన మీద ఆ పార్కులు నిలబడ్డాయి. తెలుగు నేల మీద నల్లమల చెంచుల విషయంలో ఆ తప్పు మళ్లీ జరగకూడదు.

మరో సంగతి. 2026 జనవరి నుంచి ఆ దేశంలో నివసించేవాళ్లకు వార్షిక పాసు 80 డాలర్లే. బయటి దేశస్థులకు 250. పాసు లేని విదేశీయులు ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్, గ్లేసియర్ సహా 11 పార్కుల్లో మామూలు రుసుముతో పాటు తలకు వంద డాలర్లు అదనంగా కట్టాలి. చూడటానికి వచ్చిన అత్తమామలను వెంట తీసుకెళ్లే తెలుగు కుటుంబాల మీద ఈ భారం పడవచ్చు. సొంత పన్నులతో పోషించేవాళ్లకు తక్కువ రుసుము ఉండటంలో న్యాయం ఉంది. మన తాజ్‌మహల్ దగ్గరా రెండు రకాల టికెట్లున్నాయి. కానీ 2025 ఫిబ్రవరిలో పార్కుల శాఖ నుంచి వెయ్యి మంది దాకా ఉద్యోగులను ఒక్కసారిగా తీసేసి, ఆ తర్వాత రుసుము పెంచడం కొండల మేలు కోరి చేసిన పనిలా కనిపించదు. ఇనుప పెట్టె గడియ వేశారో లేదో రాత్రి టార్చి పట్టుకుని తిరిగి చూసేది రేంజరే. అతను లేకపోతే నియమం కాగితం మీదే మిగులుతుంది.

వెళ్లాలనుకునే జంట ఆరు నెలల ముందే మేలుకోవాలి. ఈ పార్కుల్లో చాలా క్యాంప్‌గ్రౌండ్లకు ఆరు నెలల ముందే ఆన్‌లైన్‌లో బుకింగ్ తెరుస్తారు. జెన్నీ లేక్ లాంటివి నిమిషాల్లో అయిపోతాయి. దొరక్కపోతే చుట్టూ ఉన్న నేషనల్ ఫారెస్టుల్లో చూడొచ్చు. అక్కడ చాలాచోట్ల ఉచితంగానే గుడారం వేసుకోనిస్తారు. టీటన్ నుంచి ఉత్తరంగా ఎల్లోస్టోన్, అక్కడి నుంచి ఒక రోజంతా కారు నడిపితే గ్లేసియర్. 1933లో ప్రారంభమైన గోయింగ్ టు ది సన్ రోడ్డు 50 మైళ్ల పొడవున కొండల్లోంచి సాగి 2,000 మీటర్ల పైనున్న లోగన్ పాస్ దాటుతుంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఆ కొండల మీద 80 దాకా హిమానీనదాలు ఉండేవి. 2015 నాటికి ఆ పేరుకు తగిన పరిమాణంలో మిగిలినవి 26. తొందరగా వెళ్లాల్సిన కారణాల్లో ఇదీ ఒకటి.

ఇప్పుడు మన కొండల సంగతి. పాడేరు దగ్గర వంజంగి మేఘాలు, లంబసింగి మంచు ఫోన్ల తెరల మీద వెలిగాక శీతాకాలపు శనివారాల్లో అక్కడ గుడారాల సంత మొదలైంది. కొత్తగా పెళ్లయిన జంటలు, స్నేహితుల గుంపులు విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి రాత్రికి రాత్రి వస్తారు. ఆ ఉత్సాహం మంచిదే. కానీ మరుగుదొడ్డి లేని చోట, చెత్త వేసే చోటు లేని చోట, పాటల హోరు ఆపే మనిషి లేని చోట ఆ ఉత్సాహం తెల్లారేసరికి ప్లాస్టిక్ పళ్లేల గుట్టగా మారుతుంది. ఆ గుట్ట ఎత్తాల్సింది కింది ఊళ్లోని ఆదివాసీలు. పర్యాటకం పేరెత్తగానే ప్రభుత్వాలు రిసార్టులు, గాజు వంతెనలు, రోప్‌వేల గురించి ఆలోచిస్తున్నాయి. ఒక గాజు వంతెనకయ్యే డబ్బుతో మన్యంలో ఎన్ని క్యాంప్‌గ్రౌండ్లు వస్తాయో ఒకసారి లెక్క వేయించాలి.

దీనికి అమెరికా దాకా వెళ్లి నేర్చుకోవాల్సిన పని కూడా లేదు. మారేడుమిల్లిలో అటవీ శాఖ, వన సంరక్షణ సమితులు కలిసి, ఏటి ఒడ్డున గుడారాల బస ఏర్పాటు చేసి చూపించాయి. వండిపెట్టేది, దారి చూపేది అక్కడి కొండరెడ్లు, ఇతర గిరిజనులే. అలాంటివి ఇరవై ముప్ఫై కావాలి. పులి తిరిగే నల్లమల లోపలి భాగంలో కాదు, అక్కడ రాత్రిపూట వాహనాలను ఆపుతున్నదే సరైన పని. అనంతగిరి, పాడేరు, అరకు చుట్టూ అడవి అంచుల్లో, ఊరివాళ్లు గ్రామసభలో ఒప్పుకున్న చోట. ఒక్కో దాంట్లో ఇరవై గుడారాలకు మించి వద్దు. చదును చేసిన నేల, ఒక బల్ల, నీళ్ల పంపు, శుభ్రమైన మరుగుదొడ్డి, కోతులూ ఎలుగులూ తెరవలేని ఇనుప పెట్టె. రాత్రి పది దాటితే స్పీకర్ బంద్. తెచ్చిన చెత్త మళ్లీ మూటగట్టి తీసుకెళ్లకపోతే జమ చేసిన సొమ్ము తిరిగి రాదు. రుసుము ఊరి సమితి ఖాతాలోకి, బుకింగ్ ముందుగా ఆన్‌లైన్‌లో, కాపలాకు అదే ఊరి కుర్రాడు జీతం మీద. గుడారాలు అద్దెకిచ్చే పనీ ఆ ఊరి డ్వాక్రా సంఘాలకే అప్పగించవచ్చు.

వంజంగికి రద్దీ నవంబరు నుంచి జనవరి దాకా. సెప్టెంబరులో స్థలాలు ఎంచుకుని, అక్టోబరులో గ్రామసభలు పెట్టి, మరుగుదొడ్లు, పెట్టెలు ముందుగా అమర్చితే ఈ శీతాకాలానికే రెండు మూడు చోట్ల మొదలుపెట్టొచ్చు. అల్లూరి సీతారామరాజు జిల్లా అధికారులకు స్థలాలూ తెలుసు, మనుషులూ తెలుసు. వాళ్లకు కావాల్సింది అటవీ శాఖ, పర్యాటక శాఖ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇచ్చే అనుమతి.